వెనక బరువు

ఖాళీ ఓడ ఖాళీగా సముద్రం దాటదు. ఇనుపరాయి కోసం విశాఖ రేవుకొచ్చే ఎంత పెద్ద ఓడైనా కడుపులో ఉప్పునీళ్లు నింపుకునే వస్తుంది. లేకపోతే అల మీద నిలవలేదు. బరువును మనం భారమంటాం గానీ, కొన్నిటికి నిలదొక్కుకునే కాలు అదే. దాలయ్యకు ఈ సంగతి ఓడలు చెప్పలేదు, పొలం చెప్పింది. మడి చదును చేసే పలక తేలిపోతుంటే దాని మీద మనిషిని కూర్చోబెట్టడం తాతలనాటి పద్ధతి.

ఆ పొలం ఉక్కు కర్మాగారానికి పోయింది. గాజువాక అవతల కొత్త కాలనీలో తోటపని దొరికింది. ఎనభై మూడో సంవత్సరం వానల్లో అతని చేతికొక చిట్టి ట్రాక్టరు ఇచ్చారు. నీళ్లతొట్టి లాక్కుంటూ ఎర్రమట్టి గట్టు ఎక్కబోతే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. దాలయ్య తన సీటు వెనక ఒక పలక బిగించి, అదే తోటలో కలుపు తీస్తున్న భార్య పోతమ్మను కేకేశాడు.

“ఓలే, ఇలా వచ్చి కూకో.”

“లావుగున్నానని మీ అమ్మ నన్ను దిబ్బరొట్టి అనీది కాదేటి? ఇన్నాళ్లకి పనికొచ్చినాను,” అని నవ్వుతూ ఎక్కింది. బండీ గట్టెక్కింది.

రెండేళ్లు అలాగే సాగింది. మూడో ఏడు చక్రాలు మళ్లీ జారడం మొదలుపెట్టాయి. దాలయ్య టైర్లను తిట్టాడు, మట్టిని తిట్టాడు, “సరిగ్గా కూకోయే” అని పోతమ్మనూ తిట్టాడు. చివరికి పాతూరి స్నేహితుడు, మెకానిక్ కరీం బాషా వచ్చి అంతా విప్పి చూశాడు.

“బండికి జబ్బు నేదు బావా. ఎనకాల బరువు తగ్గిపోనాది.”

దాలయ్య వెనక్కి తిరిగాడు. పలక మీద పోతమ్మ చెయ్యెత్తి కమ్మీ పట్టుకుని ఉంది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. రోజూ తన వీపు వెనకే కూర్చున్న మనిషి.

“తిండి సయించట్నేదు. సెప్తే పని మానిపిస్తావని సెప్పనేదు,” అంది తలొంచుకుని.

కడుపులో పుండు ముదిరిపోయిందన్నారు పెద్దాసుపత్రిలో. మంచమెక్కాక కూడా ఆమెకు బండి ధ్యాసే.

“గట్టు ఎక్కుతాందా?”

“నేదు. నువ్వొస్తేగానీ ఎక్కదు.”

“ఊర్నించి మోసుకొచ్చిన నా రుబ్బురోలు కట్టీ. రాయెందుకే అని ఆనాడు కసిరినావు గానీ.”

“నీ సోట్లో రాయిని కట్టమంటావేటి? నాను కట్టను.”

కట్టలేదు. తొట్టిని సగమే నింపి, ఒక్కో మోతకు రెండేసి సార్లు గట్టెక్కాడు. పలక ఖాళీగా ఉంచాడు. కార్తీకంలో పోతమ్మ పోయింది.

పెద్దకర్మ అయ్యాక, మొక్కలు ఎండిపోతున్నాయని పైవాళ్లు కేకలేస్తే, కరీం బాషా చెయ్యేసి ఆ రోలును పలక మీదికెత్తి గొలుసుతో బిగించాడు. దాలయ్య నిండుతొట్టితో బయల్దేరాడు. బండి గట్టు మీదికి ఆగకుండా వెళ్లిపోయింది.

“సూసినావా బావా! ఒక్క సుట్టు జారనేదు,” అన్నాడు వెనకే నడిచొచ్చిన కరీం బాషా.

దాలయ్య స్టీరింగు వదల్లేదు, వెనక్కి తిరగలేదు.

“ఒక్క సుట్టైనా జారాల్సింది బావా,” అన్నాడు.