సైకిల్ షెడ్డులో అవ్వకు దండ

మహబూబాబాద్‌లోని మా డిగ్రీ కాలేజీలో విరిగిన బెంచీలు పడేసే పాత సైకిల్ షెడ్డును నెల రోజులు తంటాలు పడి పిల్లలు గీసిన బొమ్మల గ్యాలరీగా మార్చాం. ఈ రోజు దాని ప్రారంభం. మా అటెండర్ సత్తెమ్మ గుమ్మానికి బంతిపూలు కట్టి, మిగిలినవాటిని దండ గుచ్చి, బీఏ చదివే మౌనిక గీసిన వాళ్ల అవ్వ బొమ్మకు వేసేసింది. కింద రెండు అగరుబత్తీలు కూడా వెలిగించింది.

సరిగ్గా అప్పుడే బయ్యారం నుంచి వచ్చిన అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది మౌనిక. దండ చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"పెద్దమనిషి బొమ్మాయె, పూలు లేకుంటే ఏం బాగుంటది సారూ?" అంది సత్తెమ్మ.

నేను కంగారుగా దండ తీయబోతే అవ్వ ఆపింది. "ఉండనియ్యి సారూ. సచ్చినంక ఏసే దండ నేను సూస్తనా ఏంది?"

ఇంతలో ప్రిన్సిపాల్ గారు వచ్చారు. బొమ్మకు దణ్ణం పెట్టి, "అవ్వ ఎప్పుడు పోయిందమ్మా, పాపం?" అని మౌనికను అడిగారు.

వెనక నుంచి అవ్వే జవాబిచ్చింది: "ఇంక పోలే సారూ. నాలుగు గంటల బస్సుకు పోత."

అవ్వ వెళ్లిపోయింది, దండ తీయొద్దని నాతో మాట తీసుకుని మరీ. మౌనికేమో తీసేయమని ఏడుస్తోంది. పూలు వాడిపోగానే ఆ వంకతో తీసేద్దామనుకున్నాను. రేపు తాజా దండ తెస్తానని సత్తెమ్మ అవ్వకు అప్పుడే మాటిచ్చేసిందట. ఏం చేయాలో మీరైనా చెప్పండి.