ముగ్గు మింగిన తీగ

మొన్న బుధవారం మా అత్తగారు పోయారని మా వీధి ఆడవాళ్ళంతా వచ్చి ఏడ్చి వెళ్ళారు. మా అత్తగారు కూడా వచ్చారు. కాకపోతే కాస్త ఆలస్యంగా, నెల్లూరు బస్సులో. నవ్వకండి, ముందు టీ తాగండి. అసలేం జరిగిందో మొదటినుంచీ చెబుతాను, తప్పెవరిదో మీరే చెప్పండి. నాదేనని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

మా ఇందుకూరుపేట సంగతి మీకు తెలియంది కాదు. మైపాడు సముద్రపు గాలి పగలంతా ఇసుక ఎగరేసి, సాయంత్రానికి తెచ్చి మంచాల మీద పోస్తుంది. మా ఇంటి ముందు వాకిలి చూస్తే ఎడ్లబండి తిరిగేంత. ఒకవైపు నెత్తి మాడే ఎండ, బాదం చెట్టున్న వైపు చిక్కటి నీడ. ఆ వాకిలంతా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసి, వంట చేసి, అప్పుడు నేను బడికి పోవాలి. ఆడపిల్లల బళ్ళో టీచరు ఉద్యోగం నాకు వచ్చినప్పుడు మా అత్తగారు వద్దనలేదు. ఒకే ఒక్క మాట అన్నారు.

"పో. కాదనను. కానీ తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు పడాల. పడని రోజుతో నీ ఉద్యోగం సరి."

ఆమె ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. నాకేమో ఆ ఉద్యోగం అంటే ప్రాణం. అందుకని రోజూ నడుం విరిగేలా ఊడ్చేదాన్ని. ఊడ్చినకొద్దీ ఇసుకే కదా, దానికి అంతెక్కడ?

ఇంతలో గూడూరులో మా ఆడబిడ్డకు కాన్పు వచ్చింది. సాయానికని అత్తగారు వెళ్ళారు. బిడ్డ మెడ నిలిపేదాకా రానన్నారు. ఆ సాయంత్రమే నాకు ఐడియా వచ్చింది. వాకిలంతా నేలను కప్పేసే మొక్కలు వేసేస్తే? ఇసుక లేవదు, ఊడ్చే పని ఉండదు. గేటు దగ్గర ముగ్గుకు ఒక చాపంత జాగా వదిలితే చాలు. అత్తగారి మాటా దక్కుతుంది, నా నడుమూ దక్కుతుంది.

ఎండకొకటి, నీడకొకటి కావాలి. నీళ్ళు అడక్కూడదు, ఎరువు అడక్కూడదు, మేక ముట్టకూడదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి. ఇన్ని మంచి గుణాలు వెతుక్కుంటూ పోతే పెళ్ళిసంబంధమే కుదరదు, ఇక మొక్కెక్కడ కుదురుతుంది?

మా వారు బ్లాకాఫీసులో గుమాస్తా. ఆయన ఎక్కడినుంచో దొరల బంగళాల్లో పెంచే గడ్డి విత్తనం తెచ్చారు. మొలిచింది. మేం తాగేదానికంటే ఎక్కువ నీళ్ళు తాగింది. చివరికి మేకలు తిన్నాయి. తర్వాత నాచుపూలు పెట్టాను. తుంచి ఇసుకలో పారేస్తే చాలు, బతికేస్తాయి. ఎండవైపు ఎర్రగా, పసుపుగా ఏం పూశాయనుకున్నారు! అది చూసి ఆశపుట్టి బాదం చెట్టు కింద కూడా అవే పెట్టాను. ఎండ కోసం మెడలు సాచి సాచి, దారప్పోగుల్లా సన్నబడి చచ్చాయి. ఎండలో బతికేదాన్ని నీడలో పెడితే సుఖపడుతుందనుకోవడం మనుషుల ఆలోచన. మొక్కలకు అలాంటి వెర్రి లేదు.

నీడవైపు చివరికి ఇలా కుదిరింది. బావి నీళ్ళు పారే తడి చోట పొన్నగంటికూర, దాని పక్కన సరస్వతి ఆకు. చెట్టు కింద పొడి నేలలో వామాకు. ఇవి మాత్రం నన్నేమీ అడగలేదు. పైగా పొన్నగంటి కూరకూ వచ్చింది, వామాకు మా వారి జలుబుకూ వచ్చింది. బాదం ఆకులు రాలి వాటి మీద పడితే చీపురు పెట్టలేం, చేత్తో ఏరాలి. సరే, అదొక్కటే ఇబ్బంది.

ఎండవైపు ఇంకా సగం ఖాళీ. ఎండలు ముదిరేసరికి నాచుపూలు కూడా నీళ్ళకోసం మొహం వేలాడేశాయి. ఒక ఆదివారం మైపాడు పోయినప్పుడు చూశాను, దిబ్బల మీద పాకే ఊదాపూల తీగ. ఒట్టి ఇసుక, ఉప్పుగాలి, మాడే ఎండ, అది మాత్రం కళకళలాడుతూ ఉంది. నాకు కావలసింది ఇదే గదా అని నాలుగు తీగలు తుంచి సంచిలో వేసుకొచ్చాను. పాతిపెట్టి చెంబెడు నీళ్ళు పోశాను. ఆ తర్వాత దానికి నేను పోసిందేమీ లేదు.

అది పాకింది. నేలంతా పాకింది, నాచుపూల మీద పాకింది, గట్టెక్కింది. మేక వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది. ఇసుక రేగడం మానేసింది. నేను పొద్దున్నే అరుగుమీద కూర్చుని కాఫీ తాగడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక పొద్దున్నపూట కూర్చోవడం నాకదే మొదలు.

ముగ్గుకు వదిలిన చాపంత జాగాలోకి కూడా తీగ వచ్చింది. మొదట్లో తుంచేదాన్ని. తర్వాత చూస్తే, ముగ్గు వేయాల్సిన చోట నాలుగు ఊదాపూలు పొద్దున్నే విచ్చుకుని ఉన్నాయి. ఇంత చక్కగా దేవుడే ముగ్గు వేస్తుంటే మధ్యలో నేనెందుకు వంగడం అనుకున్నాను. సోమవారం మానేశాను. మంగళవారమూ మానేశాను. అత్తగారు వచ్చేముందు తుంచేద్దాంలే, తుంచడం ఎంతసేపు?

మంగళవారం మధ్యాహ్నమే గూడూరునుంచి కబురొచ్చింది, వచ్చి తీసుకుపొమ్మని. మా వారు ఆఫీసునుంచి అటే ఉరుకులు పరుగులుగా బస్సెక్కారు. బుధవారం సాయంత్రానికి వస్తారని నా లెక్క. ఆ పొద్దున లేచేసరికి నాకు కళ్ళకలక. రెండు కళ్ళూ మందారాల్లా ఉన్నాయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. బడికి రాలేనని కబురు పంపాను. వంట కూడా తర్వాత చేద్దామని తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, ముగ్గు చోట తీగ తుంచుదామని గేటు దగ్గర కూలబడ్డాను. కళ్ళు మండిపోతుంటే తుంచలేక, పమిట చెంగుతో అద్దుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఎదురింటి వెంకటసుబ్బమ్మక్క గడపలోంచి చూడండి. ఇంటి ముందు ముగ్గు లేదు, అదీ వరసగా. చావు ఇంట్లో తప్ప అట్టా ఉండదు గదా. పొయ్యిలో పొగ లేదు. కొడుకు నిన్న పరుగున గూడూరు పోయినాడు. కోడలు జుట్టు విరబోసుకుని వాకిట్లో కూలబడి ఏడుస్తోంది. ఆమె స్థానంలో ఉంటే నేనైనా అదే అనుకుందును.

ఆమె వచ్చి, ఏమీ అడక్కుండా నన్ను పట్టుకుని భోరుమంది. చావు ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు, పట్టుకుని ఏడవడమే మర్యాద. నేనేమనుకున్నాను? పాపం ఈమెకేదో కష్టం వచ్చింది, చెప్పుకోలేక మా ఇంటికొచ్చింది అనుకున్నాను. ఏడ్చేవాళ్ళను "ఏమైంది" అని అడగడం నాకూ మర్యాద అనిపించలేదు. అందుకని నేను కూడా ఏడ్చాను. కళ్ళలో నీళ్ళు ఎలాగూ సిద్ధంగానే ఉన్నాయి.

ఇంకా కొందరు వచ్చారు. అందరూ తీగ మీదే కూర్చున్నారు. వెంకటసుబ్బమ్మక్కను ఓదార్చడానికి వీధంతా మా ఇంటికి రావడం కొంచెం వింతగానే తోచింది, కానీ మా వాకిలి పెద్దది కదా, అందుకేలే అనుకున్నాను. మా హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరమ్మగారు కూడా వచ్చారు. బడికి ఒకపూట సెలవిచ్చి మరీ వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు, ఇక నేను పిల్లలకు పాఠాలు చెబుతానంటే మీరు నమ్మగలరా?

అప్పుడే ఎవరో క్యారియరుతో అన్నం, చారు తెచ్చి నా ముందు పెట్టారు. వెంకటసుబ్బమ్మక్క ముక్కు చీదుకుని, "రెండు ముద్దలు తినుమే. నువ్వు పొయ్యి రాజెయ్యకూడదు. మహాతల్లి, ఎట్టాంటి అత్త నీకు," అంది.

అప్పటికి అర్థమైంది నాకు, పోయింది మా అత్తగారని. అయ్యో కాదక్కా అని చెప్పాలి. మరి ముగ్గెందుకు లేదంటే? బద్ధకించి మానేశానని, హెడ్‌మిస్ట్రెస్ ముందర, వీధి ముందర ఎలా చెప్పను? చెబితే సాయంత్రానికి అత్తగారి చెవిన పడుతుంది, పడితే నా ఉద్యోగం అక్కడితో సరి. చెప్పకపోతే ఆమె చచ్చినట్టే. రెండింట్లో ఏది నయమా అని నేను నిజంగానే ఒక క్షణం ఆలోచించాను. ఆ సంగతి మీలోనే ఉంచుకోండి.

ఇంతలో జట్కా వచ్చి గేటు ముందు ఆగింది. ముందు ట్రంకుపెట్టె దిగింది. తర్వాత మా వారు. తర్వాత అత్తగారు. సాయంత్రం దాకా ఆగలేక పొద్దున మొదటి బస్సుకే బయల్దేరిందట ఆ తల్లి.

ఏడుపు ఆగిపోయింది. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచిన ఎస్తేరమ్మగారు, ఆమెను చూసి, ఎందుకైనా మంచిదని ఆమెన్ అనేసి ముగించారు.

అత్తగారు నేలమీద తీగను చూశారు. ముగ్గు లేని గడప చూశారు. జనాన్ని, క్యారియరును, నా జుట్టును చూశారు. ఆ ముసలావిడకు అంతా అర్థం కావడానికి ఒక్క తమలపాకు నమిలేంత టైము కూడా పట్టలేదు. నేను మనసులో రాజీనామా రాసేసుకున్నాను.

"గూడూరులో నెత్తిన కాకి తన్నిందమ్మా నన్ను," అన్నారు తాపీగా. "దోషం పోవాలంటే చచ్చినానని కబురంపి అయినవాళ్ళ చేత ఏడిపించాలంట గదా. మొన్ననే కోడలికి కబురు పంపినా, ముగ్గు వేయొద్దు, ఎవరికీ నిజం చెప్పొద్దని. మీరంతా నా కోసం ఇంత ఏడిచినారు, చాలు."

అందరి మొహాలూ విప్పారాయి. కాకి తంతే చావు కబురు పంపడం తెలియనిదెవరికి? తమ కన్నీళ్ళతో ఒక ప్రాణం నిలబడిందని వెంకటసుబ్బమ్మక్క మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. కాకుల విషయం తనకు తెలియదు కానీ ఆయుష్షు ఇచ్చేది దేవుడేనని ఎస్తేరమ్మగారు కూడా సర్దుకున్నారు. ఇంత బరువైన రహస్యాన్ని కడుపులో దాచుకుని ఏడ్చినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా.

అందరూ వెళ్ళాక అత్తగారు కాళ్ళు కడుక్కుని, తన చావుకు వచ్చిన క్యారియరు విప్పుకుని అన్నం తిన్నారు. చారులో ఉప్పు తక్కువన్నారు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని నిజం మొత్తం చెప్పి ఏడ్చాను. ఈసారి కళ్ళకలకతో కాదు. నా పరువు కాపాడిన ఆమె మీద ఆ నిమిషాన నాకు పుట్టినంత ప్రేమ మా అమ్మ మీద కూడా ఎప్పుడూ పుట్టలేదు. ఉద్యోగం మానేస్తానని నేనే అన్నాను.

"మానొద్దు," అన్నారు ఆమె చెయ్యి కడుక్కుంటూ. "తీగ కూడా ఉండనీ, బాగానే ఉండాది. కానీ వీధిలో సగం మందికి నేను బతికినానా లేదా అనే అనుమానం ఇంకా పోలా. అది పోవాలంటే ముగ్గు కాస్త పెద్దదిగా ఉండాల."

ఇప్పుడు నేను కోడి కూయకముందే లేస్తున్నాను. నీళ్ళక్కర్లేని, ఎరువక్కర్లేని ఆ తీగ రాత్రికి రాత్రి ఎంత పాకిందో చూసి, అంతా కత్తిరించి, కల్లాపి చల్లి, గడపనుంచి వీధి మధ్యదాకా పద్మాల ముగ్గు వేస్తున్నాను. పైగా ఊరంతా ఏడ్చినందువల్ల ఆమెకు ఇంకో ఇరవై ఏళ్ళు ఆయుష్షు పెరిగిందని అందరూ అంటున్నారు. అన్నేళ్ళూ, మా అత్తగారు బతికే ఉన్నారని రోజూ పొద్దున్నే ఊరికి తెలియజేసే డ్యూటీ నాదే.