గుడ్ ఫ్రైడే పానకం

మొన్న గుడ్ ఫ్రైడేనాడు మిట్టమధ్యాహ్నం మా ఇంటి గేటు చప్పుడైంది. చోడవరంలో ఆ ఎండవేళ ఒకరింటికి ఒకరు వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు. మా ఆయన భోజనం చేసి, లోపల గదిలో పేపరు మొహం మీద కప్పుకుని, చదువుతున్నానన్న పేరుతో గురక పెడుతున్నారు. బస్టాండు వైపున్న చిన్న చర్చి మైకు మా వరండా దాకా వినిపిస్తోంది. ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీదా ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు చేస్తారు. నేను హిందువుల ఇంట పుట్టి హిందువుల ఇంటే మెట్టినదాన్ని. అయినా మా మేనత్త పుణ్యమా అని ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నాకు కంఠతా వచ్చు. తనకి దాహంగా ఉందన్న మాట దగ్గరికి వచ్చారు. లేచి వెళ్ళి చూస్తే గేటు బయట, అందరూ మోటారాయన అని పిలిచే ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో తుండుగుడ్డలో కట్టిన బెల్లం ముద్ద.

"అమ్మ నేదు కదా. ఈ ఏడు పానకం ఎవులు కలుపుతారో అని వచ్చేను సెల్లెమ్మా" అన్నాడు.

అమ్మ అని ఆయన అన్నది మా మేనత్తని. పోయిన వానాకాలంలో అత్త చనిపోయింది. ఆవిడ లేకుండా వచ్చిన మొదటి గుడ్ ఫ్రైడే ఇది. ఆ సంగతి నాకు పొద్దున్నుంచీ గుర్తుంది. గుర్తులేనట్టు ఉండాలని ఇల్లంతా బూజులు దులిపాను, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆ బెల్లం ముద్ద చూసేసరికి ఆ నటన అంతా ఎగిరిపోయింది.

అత్తని వడ్డాది దగ్గర చెరకు పండించే ఇంటికి ఇచ్చారు. ఆవిడ చిన్నప్పుడు పుట్టింట్లో ఒక మేకపిల్లని పెంచిందట. తల్లి చచ్చిపోయిన పిల్ల కాబట్టి గుడ్డపీలికని పాలల్లో ముంచి పట్టేదట. అది వెనకాలే బడి గుమ్మం దాకా వచ్చేదని, లోపలికి రానిస్తే తనకంటే బాగా చదివేదని అత్త చెప్పేది. ఒక ఏడు అత్తకి విషజ్వరం వచ్చింది. తగ్గితే మేకనిస్తానని మా నాయనమ్మ అమ్మవారికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. పండగ వచ్చింది. మొక్కుకి మేక సిద్ధంగా ఇంట్లోనే ఉంది కదా. తన ప్రాణానికి బదులు అది పోయిందని తెలిశాక అత్త చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదట. ముసలితనంలో కూడా ఆ మాట వస్తే "దాన్నియ్యమని నానడిగేనేటి?" అనేది, నాయనమ్మ ఇంకా ఎదురుగా కూర్చున్నట్టు.

మామ చిన్నవయసులోనే పోయాడు. ఆ దుఃఖంలో ఉన్నప్పుడు బైబిలు చెప్పే ఒకావిడ వాకిట్లోకి వచ్చి, అందరి పాపాలకీ ఒకేఒక గొర్రెపిల్ల ఒకేఒక్కసారి బలైందని, ఆ తర్వాత ఇంక ఏ ప్రాణమూ ఇవ్వక్కర్లేదని చెప్పింది. ఆ ఒక్క మాటకే అత్త బస్సెక్కి చోడవరంలోని ఈ బస్టాండు చర్చికి రావడం మొదలుపెట్టింది. మా నాన్న కోపంతో కొన్నాళ్ళు చెల్లెలి గడప తొక్కలేదు. తర్వాత ఆవిడ చేతి కోడికూర గుర్తొచ్చి తొక్కాడు. ప్రాణం తియ్యకూడదన్నదానివి కోడినెలా కోశావే అని వెక్కిరిస్తే, కూర వేరు, మొక్కు వేరు అనేది. ఆకలేసి తిన్నామని ఒప్పుకుంటే కోడికీ మర్యాద, నీకోసమే చంపానని దేవుడి మీద పెడితే ఇద్దరికీ అవమానం అని ఆవిడ లెక్క. మా నాన్న వాదించకుండా ఇంకో ముక్క వేయించుకునేవాడు.

గుడ్ ఫ్రైడే పానకం కూడా ఆవిడ సొంత పైత్యమే. సిలువ మీద దాహమన్నవాడికి పులిసిపోయిన పులుసులాంటిదేదో అందించారని మొదటిసారి విన్నప్పుడు అత్తకి పట్టరాని కోపం వచ్చిందట. ఎండలో పొలం నుంచి వచ్చినవాడు శత్రువైనా చెంబుడు నీళ్ళూ బెల్లం ముక్కా ఇచ్చే ఊరు ఆవిడది. మరుసటేడు కొత్త బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు వేసి బిందెడు పానకం కలిపి చర్చి గుమ్మంలో పెట్టింది. మూడు గంటలకి ప్రార్థన అయ్యాక, పొద్దుటినుంచీ ఉపవాసంతో ఉన్నవాళ్ళకి గ్లాసులతో అందించింది. పానకం శ్రీరామనవమిది కదమ్మా, మన పద్ధతి కాదు అని పాస్టరుగారు నసిగారు. "దాహానికి పండగేటండి బాబూ" అంది అత్త. ఆయన మనసు నొప్పించకూడదని తులసాకులు మాత్రం ఏరేసింది. మరుసటి ఏడు అందరికంటే ముందు గ్లాసు పట్టుకుని నిలబడింది ఆ పాస్టరుగారే.

అత్తకి ఒక్కడే కొడుకు. నాకు బావ. మా రెండిళ్ళలోనూ నా చిన్నప్పుడే మమ్మల్ని మొగుడూ పెళ్ళాలు అని పిలిచేశారు కాబట్టి మాకు సిగ్గుపడే అవకాశం కూడా మిగల్లేదు. బావ అటు చర్చికీ పూర్తిగా వెళ్ళేవాడు కాదు, ఇటు అమ్మవారి పండగా మానేవాడు కాదు. కేకూ వదలడు, ప్రసాదమూ వదలడు. నా డిగ్రీ పరీక్షలయ్యాక ముహూర్తం అనుకున్నారు. ఆ ఎండాకాలం నేను అత్త ఇంట్లోనే ఉన్నాను.

మోటారాయన బావకి చిన్నప్పటి స్నేహితుడు. మాడుగుల రోడ్డులో నూతి మోటార్లు బాగుచేసేవాడు. మా వైపు నేలనూతుల్లో మోటారు పైన ఉండదు. లోపల గట్టు కట్టి, దాని మీద బిగిస్తారు. చాలాకాలం మూసి ఉన్న నూతిలో ఊపిరాడని గాలి పట్టి ఉంటుంది. అందుకని మనిషి దిగే ముందు తాడుకి లాంతరు కట్టి దింపి చూడటం అక్కడి పద్ధతి. లాంతరు ఆరిపోతే ఎవరూ దిగరు. కొమ్మలు దింపి గాలి కదుపుతారు, నీళ్ళు చల్లుతారు, మళ్ళీ లాంతరు దింపుతారు. ఆ రోజు అత్త పొలంలో మోటారు పాడై, కొత్తగా నాటిన మొక్కచెరకు ఎండిపోతోంది. కరెంటు వచ్చి ఉంది, ఎంతసేపుంటుందో తెలియదు. లాంతరు ఇంటి దగ్గర మరిచిపోయారు. తేవడానికి ఒకరు బయల్దేరుతుంటే, ఈ లోపల బోల్టులు విప్పేస్తానని మోటారాయన దిగిపోయాడు. దిగి, గట్టు మీద కూలబడిపోయాడు.

బావ తువ్వాలు ముక్కుకి చుట్టుకుని దిగాడు. స్నేహితుడి చంకల కింద నుంచి తాడు కట్టాడు. పైవాళ్ళు లాగారు. మనిషి పైకొచ్చాడు, ఊపిరి ఉంది. తాడు మళ్ళీ దింపారు. దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

ఇంట్లో నేను వడియాలు వేయిస్తున్నాను. ఒంటిగంటకల్లా అన్నానికి వస్తాను, వంకాయకూర అంతా నువ్వే తినేసేవు అని వెళ్ళాడు బావ. కంచం పెట్టి, పక్కన మంచినీళ్ళు పెట్టి ఉంచాను. ఎవరో పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత ఆ కంచం ఎవరు తీశారో, ఆ కూర ఏమైందో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో వంకాయ ఎన్నిసార్లు వండానో కూడా చెప్పలేను. తినడం మాత్రం ఒక్కసారీ నా వల్ల కాలేదు.

కార్యక్రమాలయ్యాక ఒక ఉదయం మోటారాయన ఒక మేకని తోలుకుని వచ్చాడు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. ప్రాణం పోయిన చోట ప్రాణం ఇవ్వాలని, ఆ తల్లి చెయ్యి దాని మీద వేయిస్తే దోషం పోతుందని వాళ్ళ పెద్దలు చెప్పారట. మనిషి సగమైపోయాడు. వాకిట్లోనే నిలబడిపోయాడు. మేక మాత్రం ఏ బెంగా లేకుండా అత్త చిక్కుడుపాదు తినడం మొదలుపెట్టింది. అత్త వచ్చి దాని మొహం వైపు చాలాసేపు చూసింది. కొంగుతో బొట్టూ పసుపూ తుడిచింది. తాడు తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఇంక ఏ ప్రాణమూ వద్దురా. ఆ పని ఒకడు ఎప్పుడో సేసీసేడు. దీన్ని తోలుకెళ్ళి మేపుకో."

ఆ మాట అని లోపలికి వచ్చి, తలుపు వేసుకుని, బావ చొక్కా నోట్లో కుక్కుకుని ఏడ్చింది. క్షమించడమంటే మనసు తేలికపడటమని పుస్తకాల్లో రాస్తారు. నేను చూసినది అలా లేదు. ఆవిడ ఒక బరువు వాడి నెత్తి మీద నుంచి తీసి తన నెత్తిన పెట్టుకుంది, అంతే.

నాకు అంత గుండె లేదు. ఆయన మీద నాకు కోపం. లాంతరు కోసం కాసేపు ఆగి ఉంటే అన్న మాట నా చెవిలో ఆగకుండా తిరిగేది. తర్వాత నాకు పెళ్ళైంది, టీచరు ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. మా ఆయన మంచివారు, అన్నీ తెలిసే చేసుకున్నారు. ఏటా గుడ్ ఫ్రైడేకి మాత్రం అత్తకి సాయంగా చర్చి గుమ్మానికి వెళ్ళేదాన్ని. బిందెలు మోసేవాడు మోటారాయనే. నేను గ్లాసుల్లో పోసి అందించేదాన్ని. ఆయన నా చేతిలోంచి తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేవాడు. తాను తాగేవాడు కాదు. "తాగరా" అనేది అత్త ప్రతి ఏడూ. తర్వాత తాగుతానమ్మా అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదు. ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు.

ఒక ఏడు ఎక్కడినుంచో పేరున్న బోధకుడు వచ్చారు. మంచి గొంతు. ఎవరో బావ సంగతి చెప్పినట్టున్నారు. క్రీస్తు మనకోసం ప్రాణం పెట్టినట్టే, ఈ చుట్టుపక్కల ఊళ్ళో ఒక యువకుడు స్నేహితుడి కోసం తన ప్రాణాన్ని బలిగా అర్పించాడు, ఆ తల్లి ధన్యురాలు అన్నారు. తలలన్నీ అత్త వైపు తిరిగాయి. గుమ్మం బయట బిందె పక్కన మోటారాయన ఒక్కసారిగా తల దించేసుకున్నాడు. అత్త లేచి నిలబడింది. ఆడవాళ్ళు ప్రార్థనకి తప్ప నోరు విప్పని చోటు అది.

"నా కొడుకుని అందులో కలపకండి బాబూ. ఆయన సచ్చిపోడానికే వచ్చేడు. నా గుంటడు అన్నానికి వస్తానని ఎల్లేడు" అంది.

బోధకుడు పుస్తకం మూసి ప్రార్థన చేద్దామన్నారు. నాకు మాత్రం ఆ ప్రార్థనలో ఒక్క ముక్క వినపడలేదు. ఇంటికొచ్చాక, అంత గొప్పగా చెప్తే ఎందుకలా అన్నావని అత్తని అడిగాను. బిందె బోర్లిస్తూ చెప్పింది. దేవుడు నీకోసం చచ్చిపోయాడంటే మనిషి పాటలు పాడుకుంటూ బతుకుతాడట. పక్కింటివాడు నీకోసం చచ్చిపోయాడంటే ఆ మనిషి బతకలేడట. "ఆడి కోసం సచ్చిపోడానికి దిగలేదే నా కొడుకు. ఆడిని తీసుకుని తిరిగొద్దామనే దిగేడు. బలి అంటే ఇష్టపడి ఇచ్చింది. నానియ్యలేదు. నా దగ్గర లాక్కున్నారు." ఆ చివరి మాట ఎవరినుద్దేశించి అన్నదో నేను అడగలేదు. మర్నాటికి మళ్ళీ మోకాళ్ళ మీద ఉంది, తన దేవుడితో ఎప్పటిలాగే మాట్లాడుతోంది. నమ్మకమూ ఫిర్యాదూ ఒకే గొంతులో ఉండటం నేను ఆవిడ దగ్గరే చూశాను.

మొన్న మధ్యాహ్నం ఆ బెల్లం ముద్ద తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మిరియాలు దంచాను, శొంఠి వేశాను. చెయ్యి అలవాటుకొద్దీ తులసికోట వైపు వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. చిన్న బిందెడు కలిపి వరండాలోకి తెచ్చాను. ముందు ఒక గ్లాసు పోసి మోటారాయనకి ఇచ్చాను. అందుకుని, పక్కకి తిరిగి చూశాడు, ఎవరికిద్దామా అని. వరండాలో మేమిద్దరమే. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. బావ ఉంటే ఈపాటికి అలాగే ఉండేవాడు.

నీకోసమే పోశాను అన్నాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అమ్మ నా తప్పు ఎప్పుడో ఒగ్గీసింది. నువ్వేటీ అన్లేదు కదా సెల్లెమ్మా" అన్నాడు.

అన్నేళ్ళూ ఆయన తాగనిది అందుకా! ప్రతి గుడ్ ఫ్రైడేకీ గ్లాసు అందుకుంటూ ఆయన ఎదురుచూసింది అత్త మాట కోసం కాదు. అత్త ఆ మాట మేకకి పసుపు తుడిచిననాడే ఇచ్చేసింది. గుమ్మం పట్టుకున్నాను. లాంతరు గుర్తొచ్చింది, కంచం గుర్తొచ్చింది. కోపం కోసం లోపల వెతుక్కున్నాను. ఉంది, కాని దాని పక్కన ఈ ముసలాయన కూడా ఉన్నాడు.

"తాగు అన్నయ్యా" అన్నాను.

మెట్టు మీద కూర్చుని తాగాడు. మధ్యలో ఏడుపొచ్చి ఆగాడు, మళ్ళీ తాగాడు. నేను కొంగుతో నా మొహం తుడుచుకున్నాను. గ్లాసు ఖాళీ చేసి, కారం కొంచెం ఎక్కువైందన్నాడు. అత్త చేతిది ఎప్పుడూ రుచి చూడనివాడు ఆ మాటెలా అన్నాడో, నాకు నవ్వొచ్చింది. తర్వాత బిందె భుజానికెత్తుకున్నాడు. గ్లాసులు పట్టుకుని ఆయన వెనకాల నేను నడిచాను. మేము వెళ్ళేసరికి చర్చిలో ఆఖరి పాట పాడుతున్నారు.

క్షమించానా అంటే నిజంగా నాకు తెలియదు. ఆ రోజు మూడు గంటలకి గంట కొడితే సిలువ మీది ఆ ఒక్క చావుకి అర్థం పూర్తయిందని నమ్మేవాళ్ళంతా పానకం తాగి ఇళ్ళకి వెళ్ళిపోతారు. నాకూ వయసు మీద పడింది, మోకాళ్ళు నొప్పులు, మనవలు. కాని వడ్డాది దగ్గర ఆ వంటింట్లో కంచం పక్కన మంచినీళ్ళు పెట్టి, బావ కోసం కూర్చున్న పిల్లకి మాత్రం ఇంకా ఒంటిగంట కాలేదు.