ఖాదర్ సార్ విప్పిన తూటా

మా ఆవిడ కుట్టుమిషన్‌కు నూనె వేసినప్పుడల్లా మా ఇల్లు రియాద్ అయిపోతుంది. ఆ పల్చటి నూనె వాసన ముక్కుకు తగిలితే నాకు వేడెక్కేవి మాత్రం చెవులు. నూనెకూ సిగ్గుకూ చుట్టరికమేమిటంటే, మధ్యలో ఖాదర్ సార్ ఉన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక షేక్ గారి సొంత ఆయుధశాలకు ఆయన ఇంజనీరు, నేను ఆయన కింద కంప్యూటర్ పనివాణ్ణి. అక్కడి తుపాకులన్నిటికీ పూసేది ఇలాంటి నూనే. సార్‌ది కడప. ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందికి లాగి పైకి తోస్తే కొత్త తూటా ఎక్కే పాతకాలపు రైఫిళ్లంటే ఆయనకు ప్రాణం. వాటి తూటాల ముక్కు చప్పిడిగా ఎందుకుంటుందని ఒకసారి అడిగాను.

"తూటాలు నింపే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయప్పా. ముక్కు మొనదేలిందనుకో, ముందున్నదాని వీపున గుచ్చుకుంటాది. లోపలే ఢాం!"

"మనం నివాస కాగితాల కోసం నిలబడే ఇఖామా ఆఫీసు క్యూకన్నా మర్యాదస్తులే. ఇవన్నీ నల్లమందు కాలంనాటివా సార్?"

"ఆ మాట గట్టిగా అనొద్దు, ఇద్దర్నీ జైల్లో తోస్తారు. నల్ల తుపాకిమందు అను. అది గుండును తోస్తాది. ఇప్పటి మందు తంతాది. ఈ ముసలి ఇనుము తన్నులకు ఓర్చుకోదు."

ఒక చలికాలం షేక్ గారు అతిథులను పిలిచి, మర్నాడు ఎడారి గుడారం దగ్గర తన తాతగారి రైఫిల్ తానే పేలుస్తానన్నారు. తూటాల పెట్టె చూసి, కొలతలు సరిపోయాయని సార్ అప్పటికే సరేననేశారు. ఆ మధ్యాహ్నం ఎందుకో అనుమానమొచ్చి ఒకదాన్ని విప్పారు. బొగ్గుపొడిలాంటి మందు రాలవలసిన చోట బూడిదరంగు రేకులు రాలాయి. ఎవరో పాత గుల్లల్లో కొత్త మందు కూరారు. పేలిస్తే రైఫిల్ షేక్ గారి ముఖం మీదే పగిలేది.

"పెట్టె కనబడట్లేదని చెబుదాం సార్," అన్నాను.

"ఇంకో పెట్టె తెప్పిస్తాడు. దాంట్లో ఏముందో ఎవురికి తెలుసు?"

షేక్ గారి ముందు 'లా', అంటే కాదు, అనే మాట మాలో ఎవరి నోటా వచ్చేది కాదు. అన్నిటికీ 'ఇన్షా అల్లా'యే. కాని పనైతే కాస్త సాగదీసి అనేవాళ్లం. ఆ రాత్రి కబ్సా అనే మాంసం అన్నం పళ్లేల చుట్టూ అందరూ కూర్చుని ఉండగా సార్ నిలబడ్డారు.

"లా, షేక్. రేపు పేల్చొద్దు. లోపల చూడకుండా మంచివన్నాను. తప్పు నాది."

"నీ తుపాకులు ఇన్నాళ్లూ చూసింది ఈయనేనా?" అన్నాడొక అతిథి. అందరూ నవ్వారు. షేక్ గారు నవ్వలేదు. చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. సార్ పక్కనే నిలబడి ఉన్న నేను, ఆయన మనిషినని ఎవరైనా గుర్తుపడతారేమోనని, మెల్లగా కాఫీ ఫ్లాస్కుల వైపు జరిగాను. కాఫీ పోయడం నా పని కాదు. అయినా పోశాను.

తిరుగు దారిలో కారులో సార్ నా వైపు చూడకుండానే అన్నారు: "ఏమప్పా, నా వీపున గుచ్చుకుంటావని దూరం జరిగినావా?"

నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు రైఫిల్ పేలలేదు. కొన్నాళ్లకు సార్ పాస్‌పోర్ట్ మీద, ఇక తిరిగి రానక్కర్లేదనే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. ఆయన కుర్చీ నాకిచ్చారు. చాలా మెత్తటి కుర్చీ, ఒక్కరోజూ కుదురుగా కూర్చోలేకపోయాను.

ఇప్పుడు ఏ మీటింగులోనైనా ఎవరైనా లేచి "తప్పు నాది" అంటే, సంగతేమిటో తెలియకముందే నేనూ లేచి వాళ్ల పక్కన నిలబడతాను. మా సార్‌కు చాదస్తం అని నన్నంటారు ఇప్పటి మా ఆఫీసువాళ్లు. అననీ. నేను లేచేది వాళ్ల కోసమే అయితే, ఈ నూనె వాసనకు చెవులు ఇంకా ఎందుకు కాలుతాయి?