ఔటర్ దగ్గర ఆగిపోయిన ముగ్గురు

మొన్న ఆదివారం మా అమ్మాయి కొడుకు, ఆరేళ్లవాడు, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒంటికి అతుక్కుపోయిన బట్టలేసుకున్న నలుగురు వీరులు ఏదో గుండ్రటి వెలుగులోకి దూకి, వేరే కాలంలోకి, వేరే లోకంలోకి వెళ్లి, అక్కడ చిక్కుపడ్డ తమవాణ్ణి విడిపించుకు రావడం కళ్లార్పకుండా చూస్తున్నాడు. మధ్యలో సబ్బుల ప్రకటనలతో సహా అరగంటలో ఆ పని కాస్తా అయిపోయింది. నా నోరు ఊరుకోదు కదా, "ఇదేం రక్షించడంరా, సంతకెళ్లి వంకాయలు తెచ్చినంత సులువుగా తెచ్చేశారు" అన్నాను. వాడు నాకేసి జాలిగా చూసి, "నీకు తెలీదులే అమ్మమ్మా, వీళ్లకి టైములో వెళ్లే పవర్ ఉంటుంది" అన్నాడు.

నాకు తెలీదుట! వాడి తల్లి కూడా పుట్టకముందు, ఈ రాయపూర్‌లోనే, మా రైల్వే క్వార్టర్ల అరుగు మీంచి ముగ్గురు వీరులు సాయంత్రం సాయంత్రం యుగాలు దాటి వెళ్లొచ్చేవారనీ, వాళ్ల రాకపోకల మీద నేను వాదించినంతగా ఆ తరవాత కాలేజీలో లాజిక్కు మాస్టారితో కూడా వాదించలేదనీ చెప్పబోయి మానుకున్నాను. వాడికి చెప్పనిది మీకు చెబుతాను. నా ఈడువాళ్లకైతే, ముఖ్యంగా రైల్వే ఇళ్లల్లో పుట్టి పెరిగినవాళ్లకైతే, బొమ్మలు వేసి చూపించక్కర్లేదు.

అప్పటికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. ఇప్పుడు మేముంటున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీ లేదు, కార్ఖానాల పొగతో కళ్లు మండించే భన్‌పురి వైపంతా అప్పుడు వరిచేలు. మా నాన్నగారు గూడ్సు ఆఫీసులో గుమాస్తా. విజయనగరం వైపు నుంచి రైలుతో పాటు కొట్టుకొచ్చిన తెలుగు కుటుంబాలే మా వరసంతా. ఇంట్లో విజయనగరం మాట, వీధిలో హిందీ, ఈ రెండూ కలిపి కొట్టిన చట్నీ పిల్లల నోట. మా వరస వెనకాలే, చేలగట్టుకి అవతల, ఔటర్ సిగ్నల్ ఉండేది. స్టేషనులో చోటు లేకపోతే వచ్చే బండి ఆ స్తంభం దగ్గరే ఆగిపోవాలి. అలా ఆగిందంటే మా వాళ్లకి పండగే. స్టేషను దాకా వెళ్లి మళ్లీ జట్కా కట్టించుకుని వెనక్కి రావడమెందుకని ట్రంకుపెట్టెలు, బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు కిందికి దించేసి, పిల్లల్ని చంకనేసుకుని, గట్టు దాటి నడిచి ఇళ్లకి వచ్చేసేవారు. గార్డు వెనక పెట్టెలోంచి కేకలేసేవాడు గానీ, మరుసటి నెల ఆయన భార్యా అక్కడే దిగేది. పురిటికెళ్లిన మా అమ్మ పొత్తిళ్లలో తమ్ముణ్ణి పెట్టుకుని మొదటిసారి మా ఇంటికి తీసుకొచ్చింది కూడా ఆ దారినే.

మా అమ్మకి తమ్ముడు, మాకు చిన్నమావ, యార్డులో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పని చేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. పెళ్లి కాలేదు, చదువు అంతంత మాత్రం, కానీ డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడంటే వరసలోని పిల్లలందరూ చుట్టూ మూగేవారు. ఆ ముగ్గురూ మా మావ సృష్టి. ఉక్కయ్య ఇంజన్ని భుజాన ఎత్తుకోగలడు. పొగన్న ఏ సందులోంచైనా దూరిపోగలడు. మూడోవాడూ మగవాడే కావలసింది, నేను పోట్లాడి ఆడమనిషిని పెట్టించాను, లాంతరక్క. ఆవిడ చేతిలాంతరులో ఎర్రద్దం తిప్పితే జరిగిపోయిన కాలం, పచ్చద్దం తిప్పితే రాబోయే కాలం కనబడతాయి. ముగ్గురూ కలిసి కాలంలోంచి వెళ్లే ఒక బండి ఎక్కి, ఏ యుగంలో ఎవరు చిక్కుకుని ఏడుస్తున్నా వెళ్లి తెచ్చేస్తారు.

మా తమ్ముడు నోరు తెరుచుకుని వినేవాడు. నేను అడ్డం పడేదాన్ని. 

"వెయ్యేళ్ల కిందట పట్టాలెవరు వేశారు మావా?" 

"మీ తాత వేశాడు. చుప్." 

"బొగ్గు?" 

"అరే బాబా, ఈ వకీల్ సాబ్‌ని ఎవరైనా లోపలికి తీస్కెళ్లండి, కథ కదలనివ్వదు!"

నా వాదనల్లో ఒకటి మాత్రం మావని నిజంగానే ఇరకాటంలో పెట్టింది. వెనక్కి వెళ్లగలిగినవాళ్లు కష్టం రాకముందే వెళ్లి దాన్ని ఆపెయ్యొచ్చు కదా, ఇంక కథేముంది, ఇది తొండి అన్నాను. పిల్లలు కూడా నావైపు తిరిగారు. మావ బీడీ ఆర్పి, ఆలోచించి, ఆ రోజు నుంచి ఒక రూలు పెట్టాడు: ముగ్గురూ కష్టంలోంచి మనిషిని బయటికి తియ్యగలరు గానీ, కష్టం రాకుండా ముందురోజుకి వెళ్లి ఆపకూడదు. గెలిచినందుకు నేను ఆ వారమంతా తల ఎగరేసుకు తిరిగాను.

ఆ చలికాలంలోనే తమ్ముడికి గొంతునొప్పి వచ్చింది. అమ్మ మిరియాల కషాయం కాచింది, వాముపొగ పట్టింది. రెండు రోజులకి మెడ వాచి, ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు మొదలయింది. రైల్వే డాక్టరు వచ్చి, చెంచా కాడతో నాలుక నొక్కి, గొంతులో బూడిదరంగు పొర చూసి, నాన్నగారిని వాకిట్లోకి పిలిచి కంఠసర్పి, డిఫ్తీరియా, అన్నాడు. సూదిమందు తన దగ్గర లేదనీ, నాగపూర్‌కి తంతి కొట్టాననీ, ఐసులో పెట్టి బండి మీద పంపుతారనీ, ఈలోగా పిల్లలెవరూ లోపలికి వెళ్లకూడదనీ చెప్పాడు. ఆ క్షణం నుంచీ మా ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకో విషయం లేకుండా పోయింది. నాన్నగారు స్టేషనులోనే కూర్చుని నాగపూర్ వైపు నుంచి వచ్చే ప్రతి బండికీ ఎదురెళ్లేవారు. అమ్మ లోపల. నేనూ మావా అరుగు మీద, కిటికీ ఊచలు పట్టుకుని.

తమ్ముడికి గొంతు పూర్తిగా పోయింది. అమ్మ చెవి వాడి పెదవులకి ఆనించి, వాడేమన్నాడో మాకు చెప్పేది. మొదట అడిగింది కథ గురించే. మావ ఏమనుకున్నాడో గానీ వాణ్ణే కథలో పెట్టేశాడు. అద్దం లోకంలో, అన్నీ ఎడమవైపుకి తిరిగి ఉండే కోటలో, ఒక రాజు నిన్ను బంధించి నీ గొంతు పట్టుకున్నాడు, సంగతి తెలిసి ముగ్గురూ బండెక్కేశారు అన్నాడు. వాడి కళ్లు వెలిగాయి. నాకు మావ ఎత్తు అర్థమయింది. మందు నాగపూర్ నుంచి ఎప్పుడొస్తే అప్పుడు ఆ ముగ్గురూ వచ్చేస్తారు. డాక్టరు సూది పొడవగానే ఉక్కయ్య కోట తలుపు బద్దలు కొడతాడు.

కానీ మందు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. మావ వాళ్లచేత మంచు యుగం దాటించాడు, నీళ్ల కింద ఊరు దాటించాడు, ఇంకా పుట్టని మనుషుల పట్నం ఒకటి దాటించాడు. తమ్ముడి మెడ మరింత వాచింది. కథలో దాటడానికి ఇంక దారి మిగల్లేదు. ఆ సాయంత్రం మావ కిటికీ దగ్గర నిలబడి, "వచ్చేశార్రా బాబూ. బండి ఔటర్ దగ్గరుంది. లోపల లైను ఖాళీ లేదంట. సిగ్నల్ పడగానే వచ్చేస్తారు" అన్నాడు.

ఏ ఊరి పిల్లవాడైనా అది విని ఊరుకునేవాడే. అమ్మ వంగింది, వింది, తలెత్తి మాకేసి చూసింది.

"ఔటర్ దగ్గరుంటే దిగి నడిచొచ్చీవచ్చు గదా అంటన్నాడ్రా."

ఇన్ని యుగాలు దాటించిన మనిషికి ఒక చేలగట్టు అడ్డం పడింది. మా వరసలో ప్రతివాళ్లూ చేసేదే అది. "వాళ్లు కొత్తోళ్లురా, మన అలవాటు తెలీదు" అన్నాడు చివరికి. అమ్మ మళ్లీ వంగింది. లాంతరక్కకి అన్నీ కనబడతాయి కదా అంటున్నాడుట. అది నేను అడగవలసిన ప్రశ్న. నా ప్రశ్నలు వినీ వినీ వాడు నేర్చుకున్నది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మావ పక్షాన నోరు విప్పి, "సామాన్లు చాలా ఉన్నాయిరా, దించుకుంటున్నారు" అన్నాను. వాడు నమ్మాడు. నమ్మి, వీధి తలుపు తీసి ఉంచమన్నాడు. చలిగాలి తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అమ్మ లేచి, కొంగు సర్దుకుని, తలుపు బార్లా తీసి వచ్చి వాడి పక్కన కూర్చుంది.

"నానెళ్లి బేగి తీసుకొస్తానురా" అని మావ తన చేతిదీపం తీసుకుని గట్టు వైపు వెళ్లిపోయాడు. కాసేపు చూసి నేనూ వెళ్లాను. అక్కడ బండీ లేదు, మనిషీ లేడు. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు, మావ సిగ్నల్ స్తంభం కింద నిలబడి ఖాళీ పట్టాలకేసి చూస్తున్నాడు, నిజంగా ఎవరికోసమో వచ్చినవాడిలాగే.

"ఇంటికి పద మావా." 

"వెళ్లి ఏటి చెప్పమంటావే?"

అప్పుడే అన్నాను, వాళ్లని కిందటి వారానికి పంపు మావా, తమ్ముడికి ఇంకా గొంతునొప్పి రాని రోజుకి పంపు అని. మావ నా నెత్తిన చెయ్యి పెట్టాడు. "రూలు పెట్టించింది నువ్వే గదే గుంటా." తప్పు పట్టి అన్నమాట కాదది. "తీసెయ్ రూలు," అని ఏడ్చాను. "తీసేస్తే వాడు లేచి తిరుగుతాడా?" అన్నాడు. నన్ను అడిగాడో ఆ స్తంభాన్ని అడిగాడో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు పొద్దున్న మందు వచ్చింది. బండి వేళకే వచ్చింది, గార్డు ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, నాన్నగారు పరిగెత్తుకొచ్చారు, డాక్టరు వెంటనే సూది పొడిచాడు. మధ్యాహ్నానికి తమ్ముడు పోయాడు. ఎవరినైనా దులిపేద్దామంటే ఎవరి తప్పూ లేదు. డాక్టరు తంతి కొట్టాడు, నాగపూర్ వాళ్లు పంపారు, గార్డు తెచ్చాడు. జీవితంలో ఎందరితోనో పోట్లాడాను గానీ, అంతటి కష్టంలో పోట్లాడడానికి ఒక్క మనిషి దొరక్కపోవడం ఎంత ఘోరమో ఆనాడే తెలిసింది. పాలు పోసే ఛత్తీస్‌గఢీ ఆవిడ నన్ను కడుపుకి అదుముకుని "ఝన్ రో నోనీ, ఝన్ రో" అంటూ, ఏడవకు పిల్లా అంటూ, తనే ఏడ్చింది.

పెద్దవాళ్ల దినవారాలు పెద్దవాళ్లవి. అవన్నీ అయ్యాక ఒక సాయంత్రం వరసలోని పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఆ కిటికీ కథ వాళ్లకీ చేరింది, ముగ్గురూ ఔటర్ దగ్గరే ఉన్నారని తెలుసు, తరవాతేమిటో కావాలి. మా అమ్మ చూస్తుందని నాకు భయం వేసింది. మావ బయటికి వచ్చాడు, వాళ్లని పొమ్మనలేదు. కూర్చున్నాడు. ముగ్గురూ బండి దిగి గట్టు దాటి నడిచొచ్చారనీ, తలుపు తీసే ఉందనీ, ఉక్కయ్య వాణ్ణి భుజానికెత్తుకున్నాడనీ, ఇక్కడ జబ్బులున్నాయని, అవి లేని కాలానికి తీసుకుపోయారనీ చెప్పాడు. పిల్లలు హమ్మయ్య అనుకున్నారు.

"అబద్ధం!" అని అరిచాను.

"అబద్ధమే తల్లీ. మరేటి చెప్పమంటావు, నువ్వు చెప్పు."

అందరూ నాకేసి తిరిగారు. వకీల్ సాబ్ ఏదో అంటుందని ఎదురుచూశారు. నేను లేచి లోపలికి పోయాను. లోపల అమ్మ గుమ్మం వెనకే నిలబడి అంతా వింటోంది. "ఊరుకోవే, చెప్పనీ" అంది మెల్లిగా.

ఆ తరవాత మావ కథ చెప్పగా నేను వినలేదు. ఇంకో ఊరికి బదిలీ అయ్యాడు, పెళ్లయింది, పిల్లలు కలిగారు, వాళ్లకీ చెప్పలేదని అత్తయ్య అనేది. ఇప్పుడు మావా లేడు, అమ్మా లేదు. ఔటర్ దగ్గర దిగి నడిచొచ్చేవాళ్లూ లేరు, అక్కడ గోడ కట్టేశారు. కంఠసర్పి అంటే మా అమ్మాయికే తెలియదు. తెలియనక్కర్లేని కాలం ఒకటి నిజంగానే వచ్చింది, కాస్త ఆలస్యంగా.

మా కాలనీ దవాఖానాలో పసిపిల్లలకి ఆ జబ్బు రాకుండా సూదులేసే రోజు ఉంటుంది. మా అమ్మాయి తన చంటిదాన్ని ఎత్తుకుని వెళితే నేనూ వెంట వెళతాను. ఆ గదిలో ఒకరిని చూసి ఒకరు పిల్లలందరూ గుక్కపెట్టి ఏడుస్తుంటారు, పైకప్పు లేచిపోతుందేమో అన్నట్టు. నర్సు విసుక్కుంటుంది, తల్లులు చేతికందిన గిలక ఆడిస్తారు. ఆఖరి రోజుల్లో మా తమ్ముడికి ఏడవడానికి గొంతు లేదు, నోరు తెరిచేవాడు, అంతే. మా అమ్మాయి ఒళ్లోని చంటిది ముఖమంతా ఎర్రగా చేసుకుని కేకలు పెడుతూంటే, తల్లి జోకొట్టబోయి, "చూస్తావేమిటమ్మా, ఊరుకోబెట్టు!" అంటుంది. నేను మాత్రం ఆ జోకొట్టే చెయ్యి పట్టుకుని ఆపుతాను.