ముందే చేసిన ఆయుధపూజ

రెండువేల ఐదో, ఆరో. వనపర్తిలో ఒక ప్రైవేటు బడికి ప్రోగ్రెస్ కార్డులు కొట్టే ప్రోగ్రాం రాసిస్తానని ఒప్పుకున్నాను. ఆ పని నాకు ఇప్పించింది బడి ఆఫీసులో రాతపని చేసే అక్క. ఏటా దసరా సెలవులన్నీ కూర్చుని నాలుగు వందల కార్డులు ఆమే చేత్తో రాసేది.

"గిది అయితే ఈసారి సద్దుల బతుకమ్మకు ధరూర్ల మా అమ్మోళ్లింటికి పోత తమ్మీ. పోక నాలుగేండ్లాయె" అంది. వారం చాలక్కా అన్నాను.

మొదటి నాలుగు రోజులు బాగానే రాశాను. సెలవులు మొదలయ్యాక చెయ్యి కదల్లేదు. జ్వరం లేదు, అడ్డు చెప్పినవాళ్లు లేరు. కార్డు మీది గళ్లలో అంకెలు సరిగ్గా పడేలా చూడటం ఒక్కటే మిగిలింది. వీధంతా పండుగ చేసుకుంటుంటే నేనొక్కణ్ణే ఎందుకు చావాలి అనిపించేది. అదే కంప్యూటర్లో పొద్దస్తమానం పేకాట ఆడుకున్నాను.

మార్కుల కాగితాలు తెస్తానని ఆమె చెప్పిన రోజు రానే వచ్చింది. సద్దులకింకా మూడు రోజులున్నాయి. పొద్దున్నే కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, కీబోర్డు మీద బంతిపూలు పెట్టాను. పూజలో ఉన్న పనిముట్టును మావైపు పండుగ దాటేదాకా ముట్టరు. ఆయుధపూజ ఆ రోజు కాదని నాకు బాగా తెలుసు.

ఆమె గడపలోనే ఆగిపోయింది. "అప్పుడే చేసినవా?"

"మా ఇంట్ల ముందుగాలనే చేస్తరక్కా. ఇగ దసరా అయ్యేదాక ముట్టొద్దు."

"అయ్యో, ముట్టకు ముట్టకు" అని కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుంది. పోయేముందు చెప్పులు విడిచి లోపలికొచ్చి, నా కంప్యూటర్‌కు దండం పెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోవాల్సింది. ఆమె పోగానే కడుపునిండా తిని పడుకున్నాను.

ఆమె ధరూర్ పోలేదు. బడి తెరిచిన రోజు నేను వెళ్లేసరికి హెడ్మాస్టర్ అందరి ముందూ ఆమెను నిలబెట్టి అరుస్తున్నాడు. "కంప్యూటర్ల కొడతరని చెప్పి, మళ్ల చేతిరాతవే తెస్తివేంది?"

"ఆ తమ్మిది తప్పు లేదు సార్. మిషన్ పూజల ఉండె. ముట్టొద్దని నేనే చెప్పిన" అంది.

ఆయన నావైపు తిరిగాడు. "నిజమేనా?"

అవునని తలూపాను.