నా బిడ్డను నేను గుర్తుపట్టిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మా వాడికి అయిదో నెల నడుస్తోంది, నా చేతిలో ఫోను ఉంది, ఆ ఫోనులో పిల్లల పెంపకం గురించి ఎంతసేపైనా విసుగు లేకుండా మాట్లాడే డాక్టరమ్మలున్నారు. ఇక మా సందులో ఆడవాళ్ళకి తెలిసిందేముంది, ఏవో తలా నలుగురైదుగురిని కని పెంచారు, అంతేగా! (నేను కన్నది ఒక్కణ్ణి. వాణ్ణీ మాచర్లలో మా అమ్మే పెంచింది, నేను పక్కన పడుకున్నాను.) పుట్టింటి నుంచి పిల్లాణ్ణెత్తుకుని నరసరావుపేటలో మా అద్దె ఇంటికి వచ్చిన నాటి నుంచీ కనపడ్డ వాళ్ళందరికీ సలహాలివ్వడం మొదలుపెట్టాను. నూనె అట్టా రుద్దకూడదు, సాంబ్రాణి పొగ వెయ్యకూడదు, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయకూడదు అని. వాళ్ళు నన్నెందుకు ఊరుకున్నారో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది.

మేముండేది మేడ మీద. కింద ఇంటావిడ. ఆవిణ్ణి అందరూ పిన్ని అనే పిలిచేవారు, ఆవిడకంటే పెద్దవాళ్ళతో సహా. పిన్నికి పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు గనక సందులో పుట్టిన ప్రతి పిల్లా ఆవిడ వసారాలోనే పెరిగేది. అక్కడ ఇనప కొక్కేనికి ఒక పాత చీర ఉయ్యాల ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. కింద పక్క వాటాలో మిషనక్క. లారీల మెకానిక్కు భార్య. పొద్దస్తమానం జాకెట్లు కుడుతూ ఉంటుంది గనక ఆ పేరు. ఆవిడ మూడోవాడు మా వాడికంటే కొద్ది వారాలు పెద్ద. మా అత్తగారు ఈపూరులో మిరపకోతలు వదిలి రాలేకపోయింది. (ఒక్కసారి వచ్చింది. కోతల మధ్యలో వచ్చి, చేతులు కడుక్కున్నాననుకుని మనవడి బుగ్గలు పుణికింది. ఆ కారానికి వాడు పెట్టిన కేకలకి సందు సందంతా మా మెట్లెక్కింది. ఆ తర్వాత ఆవిడే సిగ్గుపడి రావడం మానేసింది.) కాబట్టి నాకు దిక్కు వీళ్ళిద్దరే, కానీ ఆ సంగతి నేనింకా ఒప్పుకోలేదు.

వచ్చిన వారంలోనే ఒక ఘోరం చూశాను. పెరుగు చేబదులడుగుదామని మిషనక్క వాటాలోకి వెళితే ఆవిడ ఒళ్ళో పిల్లను వేసుకుని పాలిస్తోంది. ఆ పిల్ల నల్లగా, బొద్దుగా, చెవులకి పోగులతో ఉంది. మిషనక్క కొడుకేమో పక్కన చాప మీద బోర్లా పడుకుని కత్తెర వైపు పాకుతున్నాడు. నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

“అక్కా, ఆ పిల్ల మీ పిల్ల కాదుగా!”

“కాదు. మూలింటోళ్ళ పాప. వాళ్ళమ్మ కూలికి బోయింది, ఇంకా రాలా.”

“మరి నువ్వు పాలిస్తన్నావేంది?”

“ఆకలేస్తంది గాబట్టి,” అంది మిషనక్క, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూస్తూ. “నువ్వట్టా నిలబడే బదులు మావోడి దగ్గర ఆ కత్తెర తీసెయ్.”

కత్తెర తీశాను గానీ నా ఒళ్ళు జలదరించింది. ఇంకొకరి బిడ్డకి పాలివ్వడమా! ఆ సాయంత్రమే వసారాలో నిలబడి ఫోను చేత్తో పట్టుకుని ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంటురోగాలు, అరుగుదల, తల్లీబిడ్డల అనుబంధం, ఏదీ వదల్లేదు. చివర్లో, “మా వాడికి మాత్రం ఎవరూ పాలివ్వొద్దు. ప్రాణం మీదికొచ్చినా సరే. తల్లీబిడ్డల సంగతి వేరు. వందమంది పిల్లల్లో పడుకోబెట్టినా కళ్ళు మూసుకుని వాసన చూసి నా బిడ్డను చెప్పగలను” అన్నాను. పిన్ని చింతపండు గింజ తీస్తూ, “అట్టాగేలేమ్మా, ఎవురూ ఇయ్యర్లే” అంది. మిషనక్క నవ్వలేదు, తలూపింది. ఆవిడ నా మాటను అంత గట్టిగా పట్టుకుంటుందని నేననుకోలేదు.

అంతలో నా టీచరు పరీక్ష వచ్చి పడింది. పెళ్ళికి ముందు నుంచీ చదువుతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు వాంతులకీ వాంతులకీ మధ్య చదివాను. ఈసారి రాయకపోతే మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడేస్తారో దేవుడికే తెలియాలి. పరీక్ష గుంటూరులో, పొద్దున వెళితే మధ్యాహ్నం దాటాక గానీ రాలేను. మా వాడేమో పాలసీసా ముట్టడు. ఉగ్గుగిన్నెతో పోస్తే నోట్లో పెట్టుకుని, నా మొహంలోకి శ్రద్ధగా చూసి, ఉమ్మేస్తాడు. వారం రోజులు అలవాటు చెయ్యబోయి వాడూ నేనూ కలిసి ఏడ్చాము. మానేస్తానని మా ఆయనతో చెప్పేశాను కూడా. ఆ మాట మేడ మెట్లు దిగి పిన్ని చెవిన పడింది.

“ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? ఇంత జదివి మానేస్తావా?” అని కిందనుంచే కేకేసింది. “పొయ్యి రాసిరా. పిల్లోడు మా దగ్గరుంటాడు. ఆకలైతే గిన్నెలోయే తాగుతాడు, తాగక యాడికి పోతాడు?”

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ముందు ఆదివారమే కోటప్పకొండ మీద మా వాడికి పుట్టువెంట్రుకలు తీయించి గుండుకి గంధం రాయించుకొచ్చాము. ఆ నున్నటి గుండు చూసి పిన్నికి ముచ్చటేసింది. మిషనక్క కొడుక్కి ఎండలకి తలంతా సెగ్గడ్డలు లేస్తున్నాయి. “చల్లగా ఉంటది, నీ పిల్లోడికీ తీయించెయ్యే” అని మంగలిని పిలిపించి వాడికీ గుండు చేయించింది, చేతిలో పనేగా అని గంధమూ తనే పూసింది. రెండు గుండ్లూ పక్కపక్కన చూసి మేము తెగ నవ్వుకున్నాము. నేను మరీ ఎక్కువ నవ్వాను.

పరీక్ష రోజున మా వాడికి పసుపు జుబ్బా తొడిగి, దిష్టిచుక్క పెట్టి, పిన్నికి అప్పగించి, చెప్పాల్సినవన్నీ చెప్పి, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ చెప్పి బస్సెక్కాను. పరీక్ష హాలు బయట చెట్టు కింద చంటిపిల్లల్నెత్తుకుని తండ్రులూ అమ్మమ్మలూ కూచుని ఉన్నారు, నాలాంటి తల్లులు లోపలున్నారన్నమాట. కంప్యూటర్ ముందు కూచుని సగం ప్రశ్నలైనా చెయ్యకముందే బయట ఎవరి పిల్లో గుక్కపెట్టింది. అది నా బిడ్డ కాదని నాకు తెలుసు. కానీ నా ఒంటికి తెలియలేదు. ఆ ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసి ముద్దయింది. నేను నిర్ఘాంతపోయాను. అనుబంధం గురించి అంత ఉపన్యాసం ఇచ్చినదాన్ని, ఊరూ పేరూ తెలియని పిల్ల ఏడిస్తే ఇదేం అన్యాయం? చున్నీ కప్పుకుని, పళ్ళు బిగబట్టి పరీక్ష ముగించాను. అటు నా పిల్లాడు ఇలాగే ఏడుస్తూ ఉంటాడని తలుచుకుంటే తెలిసిన జవాబులు కూడా కళ్ళ ముందు అలికినట్టయ్యాయి.

నరసరావుపేటలో బస్సు దిగి ఆటోలో సందు మొదలు దాకా వచ్చి అక్కడి నుంచి పరుగెత్తాను. వసారాలో పిన్ని ఉంది. ఉయ్యాల్లో పసుపు జుబ్బా, నున్నటి గుండు, గంధం, దిష్టిచుక్క. అప్పుడే లేచి పెదవి విరుస్తున్నాడు. నా గుండె చెరువైపోయింది. ఎత్తుకుని, గోడవైపు తిరిగి కూచుని పాలిచ్చాను. వాడు తాగిన తీరు చూస్తే పొద్దుటి నుంచీ వాడి నోట్లో చుక్క పడలేదని తెలిసిపోతూనే ఉంది. ఇక ఆగలేకపోయాను.

“నా తండ్రే, నా బంగారుకొండే, మాడిపోయావా నాన్నా! నీకు పాలు పట్టే దిక్కు లేకపోయిందా? ఇంతమందున్నారని నమ్మిపోయాను గదరా, ఒక్కరికన్నా జాలి లేకపోయిందేందిరా!” అని పిన్నికి వినపడేట్టుగా శోకాలు పెట్టాను. వాడి తల వాసన చూసి, “అమ్మ వచ్చేసిందిరా, ఈ వాసన కోసం ఎంత అల్లాడానో” అని కూడా అన్నాను. (అన్నాను. దాచి లాభం లేదు, విన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.)

పిన్ని నోరు తెరిచి చూస్తోంది. ఆవిడ చేసిన పనికి సిగ్గుపడుతోందనుకున్నాను. అప్పుడు పక్క వాటా తలుపు తెర తొలగింది. మిషనక్క చంకలో పిల్లాడితో బయటికొచ్చింది. కొత్తగా కుట్టిన ఎర్రపూల చొక్కా, గుండు, మూతి చుట్టూ పాలు. నన్ను చూడగానే ఆ పిల్లాడు రెండు చేతులూ చాపి కేరింతలు కొట్టాడు. ఆ కేరింత నాకు తెలుసు. ఒళ్ళో ఉన్నవాడి చెవి మడిచి చూశాను. మా వాడికి చెవి వెనక పుట్టుమచ్చ ఉండాలి. లేదు.

“చెల్లీ,” అంది మిషనక్క బిక్కచచ్చిపోయిన మొహంతో, “నీ ఒళ్ళో ఉంది మావోడు.”

అప్పటిదాకా నన్ను చూసి బిగుసుకుపోయి ఉన్న పిన్ని తేరుకుని, “నువ్వు తెలిసే ఇస్తన్నావనుకున్నానే! ఈ పిల్లకి ఒక్కరోజులో ఇంత బుద్ధి ఎట్టొచ్చిందా అని బిత్తరపోయి చూస్తన్నా!” అని చింతపండు చేట పక్కకి తోసేసి నవ్వడం మొదలుపెట్టింది. జరిగింది ఆ నవ్వుల మధ్యలోనే చెప్పింది. గిన్నెతో పట్టిన పాలన్నీ మా వాడు జుబ్బా మీదే కక్కుకున్నాడట. ఉతికి తీగ మీద వేస్తే ఆ ఎండకి ఇట్టే ఆరిపోయిందట. ఈలోగా మిషనక్క కొడుకు తడుపుకుంటే చేతికందిన పొడి బట్ట తొడిగి, గంధమూ దిష్టిచుక్కా కూడా పెట్టిందట పిన్ని.

మిషనక్క మాత్రం నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. “నువ్వొద్దన్నావు గదా చెల్లీ. మజ్జాన్నం దాకా బిగబట్టుకున్నా. సీసా, గిన్నె, చెంచా, ఏదిచ్చినా తాగలా. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయి చప్పుడు గూడా రాలా వాడికి. యా అల్లా, నా వల్ల గాలేదు. ఇచ్చేశా. తిడతావో కొడతావో నీ ఇష్టం. మావోడి వాటా అంతా నీ కొడుకే తాగేశాడు, మావోడు పస్తున్నాడు.”

పస్తున్నవాడు నా ఒళ్ళో ఇవేవీ పట్టకుండా గుటకలేస్తున్నాడు. ఆవిడ మాట నిలబెట్టుకోవడం కోసం తన ఒళ్ళు బిగబట్టుకుని కూచుంది, ఎవరి కోసం? వాసన చూసి చెప్తానన్న నా కోసం. నాకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మిషనక్క మా వాణ్ణి చాపి, “ఇట్టియ్యి, మార్చుకుందాం” అంది. నేను ఒళ్ళో ఉన్నవాడి వైపు చూశాను. వాడు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, పర్వాలేదని కాబోలు, మళ్ళీ మూసుకున్నాడు.

“ఉండనియ్యక్కా,” అన్నాను, “మజ్జలో లాగితే ఏడుస్తాడు.”

ఆ రోజుతో సందులో నా ఉపన్యాసాలు ఆగిపోయాయి. ఉద్యోగం కూడా వచ్చింది. నూజెండ్ల దగ్గర బడికి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని, సాయంత్రం వచ్చేసరికి పిల్లలిద్దరూ ఎవరి ఒళ్ళో ఉంటే అక్కడే తీసుకునేదాన్ని. పాలు పంచుకున్నవాళ్ళు తమ మతంలో తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క అని మిషనక్క చెప్పింది. అప్పటి నుంచీ మా వాడు రంజాన్‌కి ఆ ఇంట్లోనే తిష్ట వేస్తాడు. వాడు ఆవిణ్ణి అమ్మీ అంటాడు, ఆవిడ కొడుకు నన్ను అమ్మ అంటాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం సందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇద్దరికీ ఇప్పుడు ఒకే రకం క్రాపు, ఒకే రంగు చొక్కాలు. కొట్టుకోకుండా ఉంటారని మిషనక్క ఒకే తానులో కుట్టింది. నేను మేడ మీద నుంచి ఒక వీపును చూసి, “ఒరేయ్, అన్నం చల్లారిపోతంది, రారా!” అని కసురుకున్నాను. వాడు బ్యాటు పడేసి, మెట్లెక్కి, చేతులు కడుక్కుని కంచం ముందు కూచున్నాడు. అన్నం వడ్డించి పప్పు వేస్తూ చూద్దును కదా, మిషనక్క కొడుకు. వందమందిలో గుర్తుపడతానన్న ఆ అమ్మాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది, పాపం ఆ అమ్మాయి ఎంత నమ్మకంగా చెప్పిందో! వాడు తలెత్తి, “ఏందమ్మా నవ్వుతన్నావు? నెయ్యెయ్యి” అన్నాడు. వేశాను.